మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆ ఇంటికి వెళ్లి చూడండి

విజయనగరంలో కాపురం ఉంటూ బొండపల్లి, గజపతినగరం, గరివిడి, చీపురుపల్లి వైపు ఉద్యోగాలకు వెళ్లి వచ్చే ఆడవాళ్లకు ప్రసవం సెలవు ముగిసే రోజు దగ్గర పడుతున్నకొద్దీ ఒకటే ఆలోచన. పొద్దున్న ఎనిమిదింటికి ఇల్లు విడిచి సాయంత్రం ఐదున్నరకో ఆరుకో తిరిగి వచ్చేలోగా బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలి? పెద్దవాళ్లు దగ్గరున్న వారికి ఆ చింత ఉండదు. మిగిలిన వారి అత్తమామలు ఊళ్లో పొలమూ పాడీ విడిచి రాలేరు, అమ్మానాన్నలకు ఆరోగ్యం సహకరించదు. నేను ఉపాధ్యాయినిని. మా పిల్లలిద్దరూ పగలు పిల్లల్ని చూసుకునే ఒక పిన్నిగారి ఇంట్లోనే నడకా మాటా నేర్చుకున్నారు. ఆ తరువాత మా పాఠశాలలోను, చుట్టుపక్కల పాఠశాలల్లోను కొత్తగా తల్లులైన వారు అడిగినప్పుడల్లా వారికి తోడుగా అలాంటి ఇళ్లు చూడడానికి వెళ్తూ వచ్చాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతున్నది ఒకచోట రాసిపెడితే మరికొందరికి పనికి వస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు పరిస్థితి చెప్పాలి. మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగినులకు ప్రసూతి సెలవు 180 రోజులు. ప్రైవేటు సంస్థల్లో పనిచేసే వారికి 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాలు. రెండూ ఇంచుమించు ఆరు నెలలే. 50 మంది గాని అంతకు మించి గాని పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు కల్పించాలని ఆ సవరణతోనే నియమం వచ్చింది. కాని పదిమంది పనిచేసే బడికి, చిన్న క్లినిక్కుకు, బట్టల దుకాణానికి అది వర్తించదు. అంగన్‌వాడీలో ఆటపాటలతో కూడిన బడి మూడేళ్లు నిండిన పిల్లల కోసం. అంతకన్నా చిన్నవాళ్లకు పోషకాహారం సరుకు ఇంటికి ఇచ్చి పంపుతారు. కేంద్ర ప్రభుత్వపు పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీల్లో చంటిపిల్లల్ని పగలంతా ఉంచుకునే ఏర్పాటు ఉంది కాబట్టి మీ వీధికి దగ్గరలో అలాంటిది ఉంటే ముందుగా అదే చూడండి. లేనివారికి ఆరో నెల నుంచి మూడో ఏడు నిండేదాకా, అంటే రెండున్నరేళ్లపాటు, ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఒక మనిషే దిక్కు.

తోటపాలెంలోనైనా, దాసన్నపేటలోనైనా, కంటోన్మెంటులోనైనా, అటు శ్రీకాకుళంలోనైనా అలాంటి పిన్నిగార్లు ఉన్నారు. తమ పిల్లలు పెద్దవాళ్లై చదువులకు వెళ్లిపోయాక ఇరుగుపొరుగు ఉద్యోగస్తుల పిల్లల్ని ఇద్దరినో ముగ్గురినో చేరదీసి, నెలకింత అని తీసుకుని చూసుకుంటారు. చంటిబిడ్డకు ఇది మంచి ఏర్పాటే అని నా నమ్మకం. రోజూ అదే ముఖం, అదే గొంతు, అదే వాసన ఉన్న ఇల్లు ఆ వయసు బిడ్డకు కావాలి. అయితే ఈ ఇళ్లలో గోడకు తగిలించిన ధ్రువపత్రం ఏదీ ఉండదు, తనిఖీకి వచ్చే అధికారీ ఉండరు. అందుచేత మనం పక్కవారి మాట మీద వెళ్తాం. ‘ఆవిడ చాలా మంచిదండీ, పిల్లలంటే ప్రాణం’ అన్న మాట వినగానే సగం మనసు కుదుటపడుతుంది. నేను చూసినంతలో పిల్లలంటే ప్రాణం లేనివారు ఈ పనికి పూనుకోవడం అరుదు. ప్రాణమిచ్చే మనిషికి కూడా రెండే చేతులుంటాయి కాబట్టి, ఆ రెండు చేతుల మీద ఎంత పని పడుతోంది, ఏ వేళకు పడుతోంది అన్నది మనం కళ్లారా చూడవలసిన విషయం. దానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే: ఆ ఇంటికి మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు గంటల మధ్య వెళ్లి కూర్చోవడం.

ఇళ్లు చూడడానికి మనం సాధారణంగా సాయంత్రం వెళ్తాం, లేదా ఆదివారం వెళ్తాం. అప్పటికి ఇల్లు తుడిచి ఉంటుంది, పిల్లలు ఉండరు, కాఫీ ఇస్తారు, మాట్లాడుకుంటాం. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్లినా పిల్లలు స్నానాలు చేసి, పొట్ట నిండి, ఉత్సాహంగా ఉంటారు. ఆ వేళ ఎవరైనా చూసుకోగలరు. పన్నెండు దాటాక సంగతి వేరు. పెద్దపిల్లలకు అన్నం పెట్టాలి, చంటిదానికి పాలు పట్టాలి, అదే సమయానికి ఒకరు విరేచనం చేసుకుంటారు, ఒకరు నిద్రకు ఏడుస్తారు, ఆ ఇంటి యజమాని భోజనానికి వస్తాడు, గుమ్మంలో ఎవరో పిలుస్తారు, వేసవిలో అయితే కరెంటు పోతుంది. ఇవన్నీ ఒకేసారి ముంచుకొచ్చినప్పుడు ఆ మనిషి ఎవరిని ముందు ఎత్తుకుంటుంది, ఎవరిని ఎక్కడ దింపుతుంది, విసుగు వస్తే ఆ విసుగు ఎవరి మీదికి పోతుంది అన్నవి ఆ రెండు గంటల్లో తెలిసినట్టు మరెప్పుడూ తెలియవు.

ఒక సహోద్యోగిని కోసం రింగు రోడ్డు వైపు ఒక ఇంటికి వెళ్లాం. హాలు గోడల మీద ఏనుగులు, జిరాఫీలు రంగురంగులుగా వేయించారు; ప్లాస్టిక్ జారుడుబల్ల, ఉయ్యాల గుర్రం, నేలంతా మెత్తటి రబ్బరు పలకలు. ఆవిడ మాటతీరూ చక్కగా ఉంది. మేము పన్నెండుంబావుకు చేరేసరికి ఆవిడ వెనక వంటగదిలో పప్పు పోపు పెడుతోంది. హాల్లో ఐదుగురు పిల్లలు టీవీకి ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఏడాది దాటిన ఒక బాబు మాత్రం గోడ మూలకు పాకి వెళ్లి, నేలకు జానెడు ఎత్తులో ఉన్న ప్లగ్గు సందుల్లో వేలు పెట్టడానికి ప్రయత్నిస్తున్నాడు. మేము ఎత్తుకుని ఆవిడకు అందించాం. ఆవిడ నొచ్చుకుంది, బాబును గట్టిగా గుండెకు హత్తుకుంది. ఆవిడ ప్రేమలో లోపం ఏమీ లేదు. వంట సమయమూ పిల్లలు మేలుకుని ఉండే సమయమూ ఒకటే కావడమే ఆ ఇంట్లో లోపం, అది ప్రతిరోజూ జరిగేదే. మా సహోద్యోగిని బిడ్డను అక్కడ చేర్చలేదు.

మా పిల్లలు పెరిగిన ఇల్లు అయ్యకోనేరు గట్టుకు దగ్గరలో ఒక పాత డాబా. గోడల మీద బొమ్మలు లేవు. మొదటిసారి వెళ్లినప్పుడు పన్నెండు గంటలకు వంటగదిలో పొయ్యి చల్లగా ఉంది, గిన్నెల మీద మూతలు పెట్టి ఉన్నాయి. అడిగితే పిన్నిగారు, ‘వంట పొద్దున్నే అయిపోద్దమ్మా. గుంటలొచ్చాక నాను పొయ్యి దగ్గరకెల్లను’ అన్నారు (గుంటలంటే ఇక్కడి మాటలో పిల్లలు). నేల మీద చాప వేసి ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకే కంచంలో మెత్తగా పిసికిన పప్పన్నం ఇద్దరికీ మార్చి మార్చి పెడుతూ, మూడో బిడ్డను తొడ మీద బోర్లా వేసుకుని ఎడమచేత్తో వీపు నిమురుతున్నారు. పెద్దవాడు ముద్ద మింగాడో లేదో నోరు తెరవమని చూసి గాని తరువాతి ముద్ద పెట్టలేదు. తినడం అయ్యాక చిన్నవాళ్లు పడుకున్నారు, పెద్దవాడికి నిద్ర రాలేదు. వాడిని గదమాయించి పడుకోబెట్టలేదు. ఆరిన తువ్వాళ్లు తెచ్చి ముందు పడేశారు. వాడు వచ్చీరాని విధంగా మడతలు పెడుతూ అరగంట గడిపాడు. ‘అందరికీ ఒక్కసారే నిద్దర రాదు కదమ్మా’ అన్నారావిడ. మా ఆయనతో సంప్రదించకుండానే ఆ మధ్యాహ్నం అక్కడే నేను నిర్ణయించుకున్నాను.

కొందరు ఆ వేళ రావద్దంటారు. పిల్లలు పడుకునే సమయం, కొత్తవాళ్లు వస్తే లేస్తారు అంటారు. అది న్యాయమైన మాటే. అయితే పిల్లల నిద్ర కోసం చెప్పే మనిషి ‘చప్పుడు చేయకుండా వచ్చి ఒక మూల కూర్చోండి’ అంటుంది, లేదా ‘భోజనాల వేళకు వచ్చి, పడుకోబెట్టే ముందు వెళ్లండి’ అంటుంది. ఎంత అడిగినా ఏ రోజూ వీలు కాదనేవారి దగ్గర, బిడ్డను చేర్చాక మధ్యలో వస్తే గేటు తీయడానికి ఆలస్యం చేసేవారి దగ్గర బిడ్డను ఉంచవద్దు. తల్లికి గాని తండ్రికి గాని చెప్పకుండా ఏ వేళకైనా వచ్చే హక్కు ఉండాలని మొదటి రోజే మాట తీసుకోండి.

ఎంతమంది పిల్లలున్నారని అడిగితే సరిపోదు, ఏ వయసువారో అడగాలి. నడిచే పిల్లలు నలుగురుంటే ఓర్పున్న మనిషి ఒక్కతే నెట్టుకు రాగలదు. ఏడాది లోపువాళ్లు ఇద్దరు, పాకుతూ అన్నీ నోట్లో పెట్టుకునే వాళ్లు ఇద్దరు కలిస్తే ఒక్క మనిషి వల్ల కాదు. ఏడాది లోపు పిల్లలు ఇద్దరికి మించి ఉన్న ఇంట్లో రెండో పెద్దమనిషి, అంటే కోడలో, అక్కో, నమ్మకమైన పనిమనిషో, పగలంతా ఉండి తీరాలని నేను గట్టిగా చెబుతాను. బడి విడిచాక వచ్చి చేరే ట్యూషను పిల్లలను కూడా లెక్కలో వేయాలి. నాలుగున్నరకు పదిమంది పిల్లలు పుస్తకాల సంచులతో వచ్చి కూర్చునే ఇంట్లో మన చంటిది ఎవరి కాళ్ల కింద ఉంటుందో ఆలోచించాలి.

ఏడిస్తే ఏం చేస్తారు అని తప్పకుండా అడగండి. ‘మా దగ్గర పిల్లలు అసలు ఏడవరండీ’ అన్న జవాబు వింటే నాకు భయం వేస్తుంది. ఏడవని పిల్లలు ఉండరు. భయపెట్టి అయినా ఊరుకోబెడుతూ ఉండాలి, ఫోను చేతిలో పెట్టి అయినా ఊరుకోబెడుతూ ఉండాలి, లేదా నిద్రమందు లాంటిదేదో పడుతూ ఉండాలి. మా పిన్నిగారు చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు: ‘ఒక్కో గుంట ఒక్కోదానికి ఏడుస్తాది. మీ పాప దేనికేడుస్తాదో ముందు మీరు సెప్పాల.’ ఆ తరువాత ఆవిడే నన్ను ప్రశ్నలు అడిగారు. పాలు ఎంతసేపటికి ఒకసారి తాగుతుంది, ఎటు తిప్పి పడుకోబెడితే నిద్రపోతుంది, మోషను ఎన్నిసార్లు, ఏ మందైనా పడలేదా అని. బిడ్డ గురించి మన కన్నా ఎక్కువ ప్రశ్నలు వేసే మనిషి దొరికితే వదులుకోవద్దు.

ఫోను సంగతి కూడా ఇక్కడే చెబుతాను. రెండేళ్ల లోపు పిల్లలకు టీవీ గాని ఫోను గాని అసలు చూపవద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎక్కువ ఇళ్లలో అన్నం తినిపించడానికే ఫోను వాడతారు. మన ఇంట్లో మనం అలా చేస్తూ అక్కడ చేయవద్దని చెబితే మాట నిలవదు కాబట్టి ముందు మన దగ్గర మానాలి.

మందుల విషయంలో మొహమాటం పనికిరాదు. బిడ్డ నిద్రపోవడం లేదని జలుబు సిరప్ ఒక మూత పట్టడం అక్కడక్కడా జరుగుతోంది, చెడు ఉద్దేశంతో కాదు, మత్తుగా పడుకుంటుందని. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. జ్వరానికి వాడే పారాసిటమాల్ దగ్గర కూడా పెద్ద చిక్కు ఉంది. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్ సీసాలో ఐదు మిల్లీలీటర్లకు 125 గాని 250 గాని ఉంటుంది. సిరప్ కొలత గుర్తుంచుకుని ఐదు మిల్లీలీటర్ల చుక్కల మందు పట్టారంటే బిడ్డ ఒంట్లోకి ఎన్ని రెట్లు వెళ్తుందో చూడండి. అందుకే వైద్యుడు బిడ్డ బరువును బట్టి రాసిన మోతాదును సీసాకే పెద్ద అక్షరాలతో అంటించి, మాకు ఫోను చేయకుండా ఏ మందూ పట్టవద్దని నేను చెప్పి ఉంచేదాన్ని. నాటు మందులకు, గ్రైప్ వాటరుకు, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడానికి కూడా ఇదే నియమం. తేనె వల్ల పసిపిల్లలకు ప్రాణం మీదికి తెచ్చే బోట్యులిజం అనే జబ్బు రావచ్చు. పెద్దవాళ్లు ఇది నమ్మరు, ఓపికగా చెప్పాలి.

ఇంటిని చూసేటప్పుడు మన కళ్లు పిల్లల ఎత్తులో ఉండాలి. నేను చాప మీద కూర్చుని చుట్టూ చూస్తాను. మన ఊరి పాత ఇళ్లకు పెరట్లో నుయ్యి ఉంటుంది. దాని మీద ఇనుప జల్లెడ మూత ఉందా, పెరటి తలుపుకు పైగొళ్లెం పెడుతున్నారా అన్నది మొదటి విషయం. కుళాయి నీళ్లు వేళకు మాత్రమే వస్తాయి కాబట్టి ప్రతి ఇంట్లో డ్రమ్ములు, బకెట్లు, స్నానాల గదిలో తొట్టి నింపి ఉంచుతారు. తప్పటడుగులు వేసే బిడ్డ బకెట్‌లోకి తలకిందులుగా పడితే జానెడు లోతు నీళ్లు కూడా చాలు, అరుపు కూడా వినపడదు. పిన్నిగారి ఇంట్లో డ్రమ్ము మూత మీద సన్నికల్లు పెట్టి ఉండేది, ఖాళీ బకెట్లన్నీ బోర్లించి ఉండేవి. మేడమెట్లకు పిట్టగోడ ఉందా, గ్యాసు పొయ్యి గట్టు మీద ఉందా నేల మీద ఉందా, ఫినాయిలు కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టారా, ఎలుకల మందు ఎక్కడ ఉంచుతారు అన్నవన్నీ అడగవచ్చు. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగితే గంటల్లో గొంతు లోపల కాలిపోతుందని చాలామందికి తెలియదు. వేరుశనగ గుళ్లు, వేయించిన శనగలు, ద్రాక్షపళ్లు చిన్నపిల్లల చేతికి అందకూడదు. ద్రాక్ష పెట్టాలనుకుంటే నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి.

పడుకోబెట్టే చోటు కూడా చూడాలి. ఏడాది నిండని బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలని శిశువైద్యులందరూ చెబుతారు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, చుట్టూ పేర్చే మెత్తలు, ముఖం మీదికి జారే దుప్పటి ఉండకూడదు. చీర ఉయ్యాల మన పిల్లలందరికీ అలవాటే, అందులో నిద్ర కమ్మగా పడుతుంది. కాని బిడ్డ ముఖం గుడ్డలో కూరుకుపోకుండా ఎవరో ఒకరి కళ్లు ఆ ఉయ్యాల మీదే ఉండాలి.

పాల విషయం ఉద్యోగస్తులైన తల్లులకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఆరు నెలలు దాటినా తల్లిపాలు ఆపనక్కర్లేదు, పాలు తీసి ఇచ్చి వెళ్లవచ్చు. గది వేడి 25 డిగ్రీలలోపు ఉంటే పిండిన పాలు నాలుగు గంటల వరకు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు నిలుస్తాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో, అందులోనూ పైన రేకులున్న ఇంట్లో, గది వేడి 25 డిగ్రీల దగ్గర ఏ పూటా ఉండదు కాబట్టి ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉండడం, కరెంటు పోయినప్పుడు దాన్ని మాటిమాటికీ తెరవకపోవడం ముఖ్యం. పాలను పొయ్యి మీద కాచకూడదు. గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసి చెంచాతో పట్టాలి, బిడ్డ తాగి వదిలిన పాలు సాయంత్రానికి దాచకూడదు. ఇవి మొదటి వారం మనమే అక్కడ కూర్చుని చేసి చూపించాలి. ఆ ఇంట్లో గుడ్డు వండరనుకోండి, దానికి మనం బలవంతపెట్టకూడదు. గుడ్డు మన ఇంట్లో పొద్దున్న తినిపించి తీసుకువెళ్లవచ్చు.

మిగతా పిల్లల టీకాల గురించి అడగడానికి అందరూ మొహమాటపడతారు. నేను మొహమాటపడలేదు. తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. అంటే ఆరో నెలలో అక్కడ చేరిన బిడ్డకు మూడు నెలలపాటు ఆ రక్షణ లేదు. చుట్టూ ఉన్న పెద్దపిల్లలు టీకా వేయించుకుని ఉండడమే దానికి కాపు. తల్లీబిడ్డల రక్షణ కార్డు ప్రతి ఇంట్లో ఉంటుంది, అందరూ ఒకసారి తెచ్చి పిన్నిగారికి చూపిస్తే సరిపోతుంది. అలాగే జ్వరం, ఆటలమ్మ, విరేచనాలు ఉన్న బిడ్డను తీసుకురాకూడదని అందరి మధ్య ఒక కట్టుబాటు ఉండాలి. పొద్దున్న పారాసిటమాల్ పట్టి, ఒళ్లు చల్లబడగానే దింపి వెళ్లిపోయే తల్లుల కష్టం నాకు తెలుసు, వారికి సెలవు దొరకదు. కాని పదకొండు గంటలకు ఆ బిడ్డకు మళ్లీ జ్వరం వస్తే మిగతా ముగ్గురికీ అన్యాయమే జరుగుతుంది.

ఇక అడగడానికి కష్టమైన ప్రశ్న ఒకటుంది. ఆ ఇంట్లో పగటిపూట ఎవరెవరు ఉంటారు, ఎవరెవరు వచ్చి వెళ్తారు? మగపిల్లలు, మరుదులు, మేడ మీద అద్దెకున్నవాళ్లు, వీరిలో ఎవరి మీదా అనుమానంతో కాదు. పిల్లలకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, పక్కన పడుకోబెట్టుకోవడం పిన్నిగారే చేస్తారని, వారిని ఇంకొకరికి అప్పగించి బజారుకు వెళ్లరని నోటితో మాట తీసుకోవాలి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దగ్గర పడితే మన ఊళ్లో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. పదిమంది కొత్తముఖాలు ఉన్న ఇంట్లో చంటిపిల్లను ఎవరెవరో ఎత్తుకుంటారు, ఎటో తీసుకువెళ్తారు. ఆ రోజుల్లో మేము సెలవు పెట్టుకునేవాళ్లం. మాటలు వచ్చిన బిడ్డ ఒక మనిషి పేరు చెప్పి అక్కడికి వెళ్లనంటే ఆ మాట నమ్మండి, అదే రోజు ఆ ఇంటికి పంపడం మానేయండి. పిల్లల కోసం 1098 అనే నంబరు ఉంది, లైంగిక వేధింపుల నుంచి వారిని కాపాడడానికి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. పరువు పోతుందని ఊరుకుంటే ఆ ఇంటికి వచ్చే మిగతా పిల్లలకు హాని జరుగుతుంది.

బిడ్డను చేర్చే వయసు గురించి ఒక మాట. ఎనిమిదో నెల దాటాక పిల్లలు తల్లి కనబడకపోతే తల్లడిల్లడం మొదలుపెడతారు, ఏడాదిన్నర దాకా అది గట్టిగానే ఉంటుంది. ఆరో నెలలో సులువుగా అలవాటు పడిన బిడ్డ పదో నెలలో గుమ్మం దగ్గర ఒక్కసారిగా గుక్కపట్టి ఏడుస్తుంది. దాన్ని చూసి ఆ ఇల్లు మంచిది కాదని తీర్పు చెప్పకూడదు. మనం వెళ్లిన ఎంతసేపటికి ఊరుకుందో అడగండి, ఒకరోజు కిటికీ పక్కన నిలబడి వినండి. సాయంత్రం మనల్ని చూసి పరుగెత్తుకొచ్చి, మళ్లీ వెనక్కి తిరిగి ఆవిడ కొంగు పట్టుకునే బిడ్డ గురించి దిగులు అక్కర్లేదు. తిండి తగ్గడం, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం, ఎప్పుడూ మత్తుగా ఉండడం, ఒరుసుకుపోయిన తొడలు, పొద్దున్న కట్టిన డయపరు సాయంత్రం దాకా అలాగే ఉండడం చూస్తే మాత్రం మళ్లీ మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లాలి. చేర్చేటప్పుడు కూడా మొదటి రోజే పూర్తిగా వదిలేయకుండా, సెలవు ముగియడానికి కొన్ని వారాల ముందు నుంచే రోజుకు గంట, ఆపైన పూట, ఆపైన రోజంతా అన్నట్టు అలవాటు చేస్తే ఇద్దరికీ నెమ్మది.

ఇప్పుడు మన వైపు నుంచి ఆవిడకు చేయవలసిన న్యాయం. విశాఖ నుంచి పలాస వైపు వచ్చే పాసింజరు ఆలస్యమైందంటే విజయనగరంలో దిగేవారందరికీ ఆలస్యమే. అలాంటి రోజు బిడ్డను ఎవరు తీసుకెళ్తారో ముందే అనుకుని, ఆ మనిషిని పిన్నిగారికి ముఖపరిచయం చేయాలి. వేరే ఎవరు వచ్చి అడిగినా బిడ్డను ఇవ్వవద్దని చెప్పాలి. ఆవిడకు ఒంట్లో బాగాలేని రోజున ఏం చేయాలన్నది కూడా మనమే ఆలోచించుకోవాలి. జ్వరంతో ఉన్న మనిషి మన ఉద్యోగం కోసం నలుగురు పిల్లల్ని ఎత్తుకోవాలని కోరడం తప్పు. మేము నలుగురు తల్లులం వంతులు వేసుకుని, ఆవిడ చూడలేనన్న రోజున ఒకరు సెలవు పెట్టి అందరి పిల్లల్నీ చూసేవాళ్లం.

డబ్బు విషయం చిన్న కాగితం మీద రాసుకోవడం ఇద్దరికీ మంచిది. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, గంట దాటితే ఎంత, అన్నం ఎవరిది, బిడ్డ రాని రోజులకు కోత ఉంటుందా లేదా అన్నవి రాసుకోవాలి. నా అభిప్రాయంలో కోత ఉండకూడదు, ఎందుకంటే మన బిడ్డ రాకపోయినా ఆ చోటు ఆవిడ ఇంకొకరికి ఇవ్వలేదు. మా ఉపాధ్యాయుల్లో ఒక అలవాటు నన్ను బాధపెడుతుంది. ఏప్రిల్ చివర బడి మూయగానే పిల్లల్ని మానిపించి, వేసవి అంతా పైసా ఇవ్వకుండా, బడి తెరిచే ముందు రోజు మళ్లీ బిడ్డతో గుమ్మం ముందు నిలబడతాం. మనకు ఆ నెలలకు జీతం వస్తుంది. ఆవిడ ఇంట్లో గ్యాసు, బియ్యం, మందులు ఆ నెలల్లో కూడా కొనాలి. పూర్తిగా ఇవ్వలేనివారు ఆవిడకిచ్చే నెల డబ్బులో కనీసం సగం ఇవ్వండి, ఏప్రిల్‌లోనే చేతిలో పెట్టండి. అప్పుడు ఆవిడ ఆ ఖాళీలోకి ఇంకో బిడ్డను తీసుకోవలసిన అవసరం ఉండదు, జూన్ 12న బడి తెరిచేసరికి అక్కడ ఉన్నవాళ్లు మన బిడ్డకు తెలిసిన పిల్లలే అయి ఉంటారు.